పగిలిన గంట: ఉక్కులో దాగిన బిగువు

మన పాఠశాల గంట కంచుతో పోసినది కాదు. అది అరమీటరు పొడవుగల రైలు పట్టా ముక్క. గజమునకు 90 పౌనుల తూకముగల పాత పట్టానుండి కోసినది కావున దాని బరువు రమారమి 22 కిలోలు. నేనీ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరిన నాటికే అది తూర్పు వరండా దూలమునకు వ్రేలాడుచుండెను. ఎన్ని తరముల పిల్లలు దాని పిలుపు విని పరుగెత్తిరో లెక్క లేదు. గొలుసు దూర్చిన బెజ్జము ఏండ్ల తరబడి ఒరిసి ఒరిసి పలుచబడి, నిరుడు ఆగస్టు నెలలో దాని అంచు తెగిపోయినది. ఆ గంటను తిరిగి వ్రేలాడదీయుటలో నేను చేసిన తప్పిదమే ఈ వ్యాసమునకు మూలము. తప్పిదమును ముందు చెప్పి, కారణమును పిదప వివరించెదను. భౌతిక శాస్త్రము చదువు పై తరగతులవారికి ఇది యొక పాఠము. ఐ.టి.ఐ.లో వెల్డింగు నేర్చి తోరణగల్లు ఉక్కు కర్మాగారమువైపు పోదలచిన వారికి పాఠముకంటెను ఎక్కువ.

అది ఆగస్టు 14 సాయంకాలము. మరునాడు జెండావందనము. గంట మ్రోగక పండుగ యెట్లగునని నా ఆరాటము. బజారులో వెల్డింగు పని చేసికొనుచున్న మన పూర్వ విద్యార్థి నొకని పిలిపించి, పట్టా పైకొసన ఒక ఇనుప కడియమును అతుకుమని చెప్పితిని. అతడు పట్టాను చేతితో తడిమి చూచి, "సార్, ఇది మామూలు ఇనుము కాదు, పట్టా ఉక్కు. ముందు బాగా కాల్చి వెల్డింగు చేయాల. రాడ్లు కూడా వానకు చెమ్మ పట్టినాయి. రేపు మధ్యాహ్నం చేసిస్తా" ననెను. "రేపు ఉదయమునకే గంట కావలెను. ఇప్పుడే కానిమ్ము నాయనా" అంటిని. చదువు చెప్పిన అయ్యవారి మాట త్రోసివేయలేక అతడు పావుగంటలో పని ముగించి పోయెను. మరునాటి ఉదయము గంట ఖంగున మ్రోగినది. నేను సంతోషించితిని.

ఆగస్టు 16 తెల్లవారుజామున, ఎవరును తాకకుండగనే, గంట ఊడి క్రింద పడినది. కావలివాడు పిడుగు పడినదనుకొని లేచినాడట. క్రిందనున్న నాపరాయి బండ రెండుగా చీలియుండెను. ప్రతిదినము పదకొండు గంటలకు ఒకటవ తరగతి పిల్లలు మంచినీళ్ళకై వరుసగా నిలుచునది ఆ బండమీదనే. దానిని చూచినప్పుడు నా కాళ్ళు చల్లబడినవి. ఇప్పటికిని ఆ బండను మార్పించలేదు.

"అతుకు బలము చాలలేదు" అని అందరును అనిరి. నేనును మొదట అట్లే తలచితిని. కాని లెక్క వేసి చూడగా ఆ మాట నిలువలేదు. మీరును వేసి చూడుడు. కడియమునకును పట్టాకును నడుమ అతుకు వైశాల్యము తక్కువలో తక్కువగా 300 చదరపు మిల్లీమీటర్లు. గంట బరువు 22 కిలోలు. అనగా చదరపు మిల్లీమీటరునకు పడిన భారము 0.07 కిలో మాత్రమే. సాధారణమైన వెల్డింగు లోహము చదరపు మిల్లీమీటరునకు 40 కిలోల వరకు ఓర్చుకొనును. సుత్తి దెబ్బకు భారము పదింతలైనదనుకొన్నను, ఓర్పులో అది ఏబదవ వంతుకు చేరదు. పైగా గంట పడిన వేళ దానిని కొట్టినవాడే లేడు. మఱి దానిని లాగి తెంచినది ఎవరు?

విరిగిన చోటును పగటి వెలుతురులో చూచితిమి. కడియము నుండి వెల్డింగు ఊడలేదు. కడియమును పట్టుకొని వెల్డింగు, వెల్డింగును పట్టుకొని పట్టా ఉక్కు కొంత, చిప్పవలె పెల్లగిలి వచ్చినది. పట్టా కొసన ఆ చిప్పకు సరిపడు గుంట యేర్పడియున్నది. అతుకు గట్టిగానే యున్నది. అతుకు ప్రక్కనున్న ఉక్కు పగిలినది. గంట నేర్పిన మొదటి పాఠ మిదియే.

ఇప్పుడు గంటను కొంతసేపు విడిచి, మీ ఇంటి నులకమంచమును తలచుకొనుడు. దానిమీద ఎవరును పండుకొనలేదు. అయినను నులకను వ్రేలితో మీటినచో తీగవలె పలుకును. నులక బిగువుగా లాగబడియున్నది. ఆ లాగుడునకు ఎదురుగా మంచపు పట్టెలు నొక్కబడియున్నవి. లాగుడును నొక్కుడును సరితూగుట చేత మంచము కదలక నిలిచినది. బయటినుండి చూచువానికి అందు బలమేదియు ఉన్నట్లు తోచదు. ఒక్క నులకపోగును కోసి చూచినచో దాని రెండు కొసలు చటుక్కున వెనుకకు పోవును. బయటి భారము లేకయే వస్తువులో ఇట్లు నిలిచిపోయిన బిగువును శాస్త్రజ్ఞులు అవశిష్ట ప్రతిబలము అందురు. ప్రతిబలమనగా ఒక్కొక్క చదరపు మిల్లీమీటరు మీద పనిచేయు బలము, అవశిష్టమనగా మిగిలిపోయినది. దానిని కొలుచు పద్ధతులలో నొకటి కూడ నులక కోసినట్టిదే. ఉక్కు మీద సున్నితమైన కొలత పట్టీలను అంటించి, వాని నడుమ చిన్న బెజ్జము తొలుతురు. బెజ్జము చుట్టునున్న లోహము ఎంత జరిగినదో చూచి, లోపల ఎంత బిగువు దాగియుండెనో లెక్కకట్టుదురు.

మంచమునకు బిగువు మనము పెట్టినది. ఉక్కునకు దానిని పెట్టునది వేడిమి. ఒక మీటరు పొడవుగల ఉక్కు కడ్డీ, వేడిమి ఒక డిగ్రీ పెరిగినచో మీటరులో పది లక్షల వంతులకు 12 వంతులు సాగును. మన తరగతిలో దీనినే దైర్ఘ్య వ్యాకోచ గుణకమని చదివితిరి. అట్లు సాగనీయక రెండు కొండరాళ్ళ నడుమ కడ్డీని బిగించితిమనుకొనుడు. అప్పుడు యంగ్ గుణకము పని చేయును. ఉక్కునకు అది చదరపు మిల్లీమీటరునకు రమారమి 20,000 కిలోలు. రెంటిని గుణించగా డిగ్రీకి 0.24 కిలో వచ్చును. ఇది చిన్న సంఖ్యగా కనబడవచ్చును. గుంతకల్లు మీదుగా పోవు రైలులో పూర్వము వినవచ్చిన టకటక శబ్దము ఇప్పుడు చాలవరకు లేదు. పట్టాల నడుమ సందులు పోయి, వానిని పొడవుగా అతికియున్నారు. మీటరుకు 60 కిలోల పట్టా అడ్డుకోత వైశాల్యము సుమారు 7,700 చదరపు మిల్లీమీటర్లు. డిగ్రీకి 0.24 చొప్పున అది 1.8 టన్నులు. పట్టా బిగించిన నాటికంటె వేడిమి 30 డిగ్రీలు పెరిగినచో, మన బళ్ళారి ఎండలో అది వింత కాదు, పట్టాలో నొక్కుడు బలము 54 టన్నులు దాటును. రైలు బండి ఇంకను స్టేషనుకు రానేలేదు!

కడ్డీని ఇంకను వేడి చేసినచో ఏమగును? మామూలు ఉక్కు చదరపు మిల్లీమీటరునకు 25 కిలోల వరకు తన ఆకారమును తిరిగి పొందగలదు. అటుపిమ్మట అది లొంగిపోవును. అనగా బలము తీసివేసినను మొదటి పొడవునకు రాదు. 25ను 0.24 చేత భాగించగా 104 వచ్చును. కేవలము 104 డిగ్రీలు! అంతకు మించి కాచినచో, సాగుటకు చోటులేని ఆ కడ్డీ తనలో తానే కుదించుకొని పొట్టియగును. దానిని చల్లార్చినప్పుడు పొట్టియైన కడ్డీ ఇంకను ముడుచుకొనజూచును, కొండరాళ్ళు ముడుచుకొననీయవు. ఇందాక నొక్కబడినది ఇప్పుడు లాగబడును. రెండువందల డిగ్రీలు దాటి కాచినచో, చల్లారు నాటికి ఆ లాగుడు లొంగు మేరనే అంటును. ఈ మార్పును మాత్రము మీరు రెండుమార్లు చదువుడు. మొత్తము విషయము ఇందులోనే యున్నది.

వెల్డింగులో కరగిన ఉక్కు వేడిమి 1,500 డిగ్రీలు. కొండరాళ్ళకు బదులు చుట్టునున్న చల్లని ఉక్కే దానిని పట్టియుంచును. కావున ఎంతటి నేర్పరి చేసినను, చల్లారిన అతుకు వెంబడి లొంగు మేరకు చేరువైన లాగుడు ఉండక తప్పదు. దానికి ఎదురుగా దూరపు లోహములో నొక్కుడు ఉండును. పలుచని రేకు అయినచో వంకరపోయి కొంత బిగువును వదలించుకొనును. కిటికీ చట్రములు, బీరువా తలుపులు వెల్డింగు తరువాత వంకరపోవుట మీరు చూచియుందురు. చూచువారు పనివానిని తిట్టుదురు గాని, వంకరపోయిన రేకు ఒకవిధముగా తన బాధను చెప్పుకొన్నది. దళసరి ఉక్కు వంగదు. దాని బాధ లోపలనే యుండును. మన పట్టా అట్టిది.

అట్లయిన అతికిన వస్తువులన్నియు ఏల పగులవు? ప్రశ్న న్యాయమైనది. దేశమందలి వేలకొలది వంతెనలు, ఓడలు, నీటితొట్లు లొంగు మేరంత బిగువును కడుపులో పెట్టుకొని నిశ్చింతగా నున్నవి. మెత్తని ఉక్కునకు సాగెడి గుణ మున్నది. బిగువు మితిమీరినచో అచ్చట అణుమాత్రము సాగి, దానిని తగ్గించుకొనును. కాబట్టి బిగువొక్కటియే అపరాధి కాదు. సాగు గుణము చచ్చిన చోట బిగువు చేరినప్పుడే ప్రమాదము. దురదృష్టవశాత్తు వెల్డింగు ఈ రెండు పనులను ఒకే చోట చేయగలదు.

అది యెట్లనగా: కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి తొట్టి నీటిలో ముంచుట మీకు తెలియును. ఉక్కు గట్టిపడును. ముంచి అట్లే విడిచినచో గాజువలె పెళుసై విరుగును కావున తిరిగి కొంచెము కాచును. ఇట్లు హఠాత్తుగా చల్లారుటచే ఏర్పడు గట్టి రూపమునకు మార్టెన్సైటు అని పేరు. ఉక్కులో కర్బనము ఎంత ఎక్కువయో ఆ రూపము అంత పెళుసు. కిటికీల ఇనుములో కర్బనము నూటికి పావు భాగమును మించదు. రైలు పట్టాలలోనో, చక్రముల ఒరపిడికి ఓర్చుటకై, అరభాగము మొదలు ముప్పాతిక భాగము వరకు ఉండును. ఆ సాయంకాలము 22 కిలోల చల్లని పట్టామీద గుప్పెడు వేడి పెట్టితిమి. పట్టా ఆ వేడిని తొట్టి నీటివలె క్షణములో త్రాగివేసినది. అతుకు ప్రక్కన సన్నని పొర మేర ఉక్కు మార్టెన్సైటుగా మారిపోయినది. చిప్పవలె పెల్లగిలినది ఆ పొరయే.

అయినను ఒక సందేహము మిగిలినది. వెంటనే పగులక ముప్పదియారు గంటలు ఏల ఆగినది? ఇందుకు జవాబుదారి చెమ్మ. వెల్డింగు రాడ్డు పైపూత నీటిని పీల్చుకొనును. ఆర్కు వేడిమికి ఆ నీరు విడిపోయి అందలి ఉదజని, మీరిప్పుడు హైడ్రోజను అని చదువుచున్నది, కరగిన ఉక్కులో కలియును. పరమాణువులలో నెల్ల చిన్నది కావున చల్లారిన ఉక్కులో కూడ అది మెల్లమెల్లగా ప్రాకుచు పోయి, లాగుడు ఎక్కువగా నున్న చోటనే చేరును. చేరిన చోట ఉక్కును మఱింత పెళుసు చేయును. ఈ ప్రయాణమునకు కొన్ని గంటలు పట్టవచ్చును, రెండు దినములును పట్టవచ్చును. అందుచేతనే పెద్ద పనులలో ఇట్టి ఉక్కును అతికిన పిమ్మట 48 గంటలు ఆగి గాని చివరి పరీక్ష చేయరు. పెళుసు పొర, ఉదజని, దాగిన బిగువు: ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను మన గంట పడియుండెడిది కాదు. మూడింటిని సమకూర్చినది నా తొందర.

ఈ తొందరకు నేనొక్కడనే పాత్రుడను కానని చెప్పి ఓదార్పు పొందుటకు కాదు గాని, పెద్దవారికిని ఇట్లే జరిగిన సందర్భములు కలవు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున కింగ్స్ బ్రిడ్జి అను వంతెన 1961లో రాకపోకలకు తెరువబడినది. 1962 జులై 10 ఉదయము, అచ్చట అది చలికాలము, 45 టన్నుల బండి పోవుచుండగా ఒక అంకణము సుమారు ముప్పది సెంటీమీటర్లు క్రుంగిపోయినది. ప్రాణహాని కలుగలేదు. విచారించి చూడగా ఉక్కు దూలముల అడుగున బలమునకై అతికిన పట్టీల కొసలయొద్ద, సరిగా వెల్డింగు ప్రక్కనున్న పొరలో పగుళ్ళు పుట్టినట్లు తేలినది. వానిలో కొన్ని దూలములు కర్మాగారము గడప దాటకముందే యుండెను. ఆ ఉక్కు మామూలు ఉక్కుకంటె బలమైనది, అందుచే వెల్డింగులో మఱింత జాగ్రత్త కోరునది. బండి బరువు వంతెనను విరుచుటకు వచ్చినది కాదు. ముందే విరిగియున్నదని తెలుపుటకు వచ్చినది.

ఉత్తర సముద్రములో 1980 మార్చి 27న అలెగ్జాండర్ కీలాండ్ అను తేలుడు వేదిక తలక్రిందులై, 212 మందిలో 123 మంది మరణించిరి. దాని ఊతకమ్మి యొకదానికి ఒక శబ్దగ్రాహక పరికరపు గొట్టమును ఆరు మిల్లీమీటర్ల చిన్న వెల్డింగుతో అతికియుండిరి. ఆ అతుకు పగులులో పెయింటు కనబడినది. అనగా పెయింటు వేయు నాటికే అచ్చట పగులున్నది. అలల పోటుకు అది నానాటికి పెరిగి ఊతకమ్మిని తెంచినది. గొట్టము మోయవలసిన భారము అత్యల్పము. మన కడియమును గురించి కూడ నేనట్లే, "చిన్న అతుకే గదా" అని యనుకొంటిని.

ఇంకొక సంగతిని కూడ చెప్పుట న్యాయము. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో స్కెనెక్టడీ అను క్రొత్త చమురు ఓడ, నిశ్చలమైన నీటిలో నిలిచియుండగనే, పెద్ద చప్పుడుతో నడిమికి పగిలినది. అతికి కట్టిన ఓడ కావున వెల్డింగు బిగువులమీద నింద పడినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కాన్‌స్టెన్స్ టిప్పర్ అను విదుషీమణి ఆ కాలపు ఓడల పగుళ్ళను పరిశోధించి, ఆ ఉక్కే చలిలో సాగు గుణమును కోల్పోయి పెళుసగుచున్నదని నిరూపించెను. రివెట్లతో కట్టిన ఓడలో పగులు ఒక రేకు అంచున ఆగిపోవుటకు వీలున్నది. అతికిన ఓడలో రేకులన్నియు ఒక్కటే యగుటచే ఆగుటకు చోటు లేదు. బిగువు పగులును ప్రారంభించవచ్చును గాని దానిని పరుగెత్తించినది పెళుసుదనము. విజ్ఞాన శాస్త్రము చదువువారు మొదట దొరికిన దోషితో తృప్తిపడరాదనుటకు ఈ ఓడ కథను తరగతిలో తఱచు చెప్పుచుందును.

ఇక మందు మాట. మన పూర్వ విద్యార్థి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వారమే తన దుకాణమునకు రమ్మని పిలిచి, రెండు పట్టాముక్కలమీద పని చేసి చూపెను. మొదటి ముక్కను నా పద్ధతిలో, అనగా చల్లగానున్న దానిని చెమ్మ రాడ్లతో అతికెను. రెండవదానిని కొలిమిలో మూడువందల డిగ్రీలు దాటువరకు కాల్చెను. వేడిని తెలుపు సుద్ద యొకటి కలదు. తగిన వేడిమికి అది కరగును. రాడ్లను పెట్టెలో 350 డిగ్రీల వద్ద గంటకు పైగా ఎండబెట్టి, వేడిమీదనే వాడెను. అతుకు ముగియగానే ముక్కను పొడి బూడిద కుప్పలో కప్పివేసి, "రేపు గానీ దీన్ని ముట్టద్దండి సార్" అనెను. మెల్లగా చల్లారుట వలన మార్టెన్సైటు ఏర్పడదు. ఉదజనికి బయటికి పోవుటకు సమయము చిక్కును. వేడిమి భేదము తగ్గుటచే బిగువును కొంత తగ్గును. ఒక్క ముందువేడి మూడు శత్రువులమీదను పనిచేయుచున్నది. ఒత్తిడి పాత్రలవంటి దళసరి వస్తువులను కర్మాగారములలో అతికిన తరువాత 600 మొదలు 650 డిగ్రీల కొలిమిలో, దళసరి ప్రతి 25 మిల్లీమీటర్లకు ఒక గంట చొప్పున ఉంచి చల్లార్తురు. ఆ వేడిమిలో ఉక్కు బలము తగ్గి, దాగిన బిగువునకు తానే లొంగి సడలిపోవును. పొడవైన అతుకును ఒక కొసనుండి మరియొక కొసకు ఏకధాటిగా వేయక, కొంత కొంత విడిచి వెనుకకు వచ్చుచు వేయుటయు ఇట్టి ఉపాయమే. అవసరమునకు మించి లోహము పోయుట బలమనుకొందురు. పోసిన ప్రతి చుక్కయు చల్లారునప్పుడు లాగును.

రెండు దినములు ఆగి, పదవ తరగతి పిల్లల యెదుట పరీక్ష చేసితిమి. ముక్కలకు కిరసనాయిలు పూసి, పావుగంట ఆగి శుభ్రముగా తుడిచి, సుద్దపొడి చల్లితిమి. రెండవ ముక్కమీద పొడి తెల్లగానే యున్నది. మొదటి ముక్కమీద, అతుకు అంచు వెంబడి, వెంట్రుకవంటి తడిగీత మెల్లగా తేలివచ్చినది. కంటికి అంతవరకు రెండును ఒక్కలాగే యుండెను. వెనుక వరుసనున్న బాలిక యొకతె, "సార్, పగులు ఇప్పుడు వచ్చిందా, ముందే ఉన్నిందా?" అని యడిగెను. పదిమంది ఇంజనీర్లు అడుగవలసిన ప్రశ్న అది.

గంట మాత్రము తిరిగి అతుకబడలేదు. "బెజ్జంతో పోయే పనికి వెల్డింగు ఎందుకు సార్?" అని మన వెల్డరే పట్టా రెండవ కొసన క్రొత్త బెజ్జము తొలిచి, కొక్కెము తగిలించి, ఊడినను క్రింద పడకుండ అడ్డముగా మరియొక గొలుసు వేసెను. కావున మన గంట ఇప్పుడు తలక్రిందులుగా వ్రేలాడుచున్నది. స్వరము కొంచెము మారినదని సంగీతము నేర్చిన పిల్లలు చెప్పుచున్నారు. చిప్ప అంటిన కడియమును, ఆ రెండు పట్టాముక్కలను విజ్ఞాన శాస్త్రపు గది బీరువాలో రెండవ అరలో ఉంచితిని. అడిగినవారికి నాలుగవ పీరియడులో తీసి చూపెదను. కిరసనాయిలు మాత్రము మీరే తెచ్చుకొనవలెను.